చీమ గుర్తు నిచ్చెన

నిచ్చెనలావిడ వెన్నలాంటి మనిషి. మరీ ఇంత వెన్నైతే వ్యాపారం ఎలా సాగుతుందని కోడలు లోలోపల ఉడికిపోయేది. అలాగని ఆవిడ అమాయకురాలేం కాదు. భర్త పోయాక వర్క్‌షాపుకి తాళం పడనివ్వకుండా, రంపప్పొట్టుతో జుట్టు తెల్లబడుతున్నా లెక్కచేయకుండా, కర్ర నిచ్చెనలు చేసి అమ్ముతూ కొడుకుని ఒక ఇంటివాణ్ణి చేసింది. ప్రతి నిచ్చెన పక్క కర్ర మీదా పైకి పాకుతున్న చీమ బొమ్మ ఉంటుంది. ఇనప ముద్రని నిప్పుల్లో కాల్చి అద్దుతారు. ఆ ముద్ర పడాలంటే మాత్రం ఒక షరతు. నిచ్చెనలావిడ స్వయంగా పై మెట్టు దాకా ఎక్కి, అక్కడ నిలబడి, బాగా కుదిపి చూసి దిగాలి. ఆవిడ ఒళ్లేమీ తక్కువది కాదు. ఆవిణ్ణి మోసిన నిచ్చెన ఇంకెవరినైనా మోస్తుందని హార్డ్‌వేర్ షాపులవాళ్లు నవ్వుకుంటూనే కొనేవారు.

ఆ చీమ గుర్తుని భర్త బతికున్న రోజుల్లోనే ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించాడు. ఇక దాని జోలికి ఎవరొస్తారని ఆవిడ ధీమా. ఎవరూ రానక్కర్లేదు, తనే పిలిచి ఇచ్చింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న పొడుగోడు సొంతంగా షెడ్డు పెట్టుకున్నప్పుడు, పాపం కొత్తవాడి సరుకు ఎవరు కొంటారని జాలిపడి, నిలదొక్కుకునేదాకా వాడుకోమని పాత ముద్ర ఒకటి వాడి చేతిలో పెట్టింది. ఇదెక్కడి దానధర్మం చెప్పండి! పక్కింటికి గిన్నెడు కూర పంపినంత తేలిగ్గా పేరు పంపించేసింది. పొడుగోడు నిలదొక్కుకున్నాడు, రెండో షెడ్డు కూడా వేశాడు. ముద్ర మాత్రం వెనక్కి రాలేదు. ఈవిడ అడగనూ లేదు, వాడు దాన్ని ఎలాంటి సరుకు మీద కొడుతున్నాడో వెళ్లి చూడనూ లేదు.

బజార్లో మనవి కాని చీమ నిచ్చెనలు కనిపిస్తున్నాయని, లాయరుతో ఒక మాట చెప్పిద్దామని కోడలు జోరీగలా చెవి దగ్గర పోరుపెట్టింది. నా చీమ నాలుగు వీధులు పాకితే మనకే గొప్ప కదా అని ఈవిడ నవ్వి కొట్టిపారేసింది.

ఒకనాడు పొద్దున్నే హార్డ్‌వేర్ షాపాయన ఫోన్ చేశాడు. చీమ గుర్తు నిచ్చెన మెట్టు ఊడి, ఇంటి గోడకి రంగులేస్తున్న పెయింటరు కింద పడ్డాడట, ఆసుపత్రిలో ఉన్నాడట. ఆవిడ ఫోన్ పెట్టేసి తనని తానే నిలదీసుకుంది. ఏ నిచ్చెన ఎక్కి చూడకుండా ముద్ర వేశాను? ఒంట్లో బాగాలేదని ఎప్పుడైనా పని తప్పించుకున్నానా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆ మనిషి బతకాలి, ఆ నిచ్చెన నాది కాకూడదు. కారులో దారి పొడుగునా ఆవిడ కోరుకున్నవి ఈ రెండే.

ముందు ఆ ఇంటి దగ్గర దిగింది. నిచ్చెన ఇంకా గోడవార పడి ఉంది. వెంట వచ్చిన కోడలి సాయంతో తిప్పి చూసింది. ఆవిడ నిచ్చెనల్లో మెట్టు పక్క కర్రలోకి దూరుతుంది, బయటినుంచి చెక్క చీల బిగిస్తారు. దీనికి చీల లేదు, రంధ్రమే లేదు. మెట్లని మేకులతో కొట్టి వదిలేశారు. ఆవిడ నెత్తిన పాలు పోసినట్టయింది, అక్కడే నేల మీద కూలబడింది. ఒక మనిషి కాలో చెయ్యో విరగ్గొట్టుకున్న చోట కూర్చుని ఇంత సంతోషమేమిటని మరుక్షణమే సిగ్గుపడింది కూడా.

ఆసుపత్రిలో మిగిలిన కోరికా తీరింది. పెయింటరుకి కాలు విరిగింది, ప్రాణానికేం ఢోకా లేదు, మళ్లీ మామూలుగా నడుస్తాడన్నారు డాక్టరు. నిచ్చెనలావిడ ఊపిరి పీల్చుకుని, ఆ నిచ్చెన తాను చేసింది కాదని పెయింటరు భార్యకి చెప్పింది. ఆ అమ్మాయి కోప్పడలేదు.

"మాకదంతా ఏం తెలుస్తుందమ్మా? పక్కనే ఇంకా చవకవి ఉన్నాయి. చీమ ఉంది కదా, భయం లేదని ఇది తీసుకున్నాం."

నిచ్చెనలావిడ ఆ రోజు మధ్యాహ్నమే కోడల్ని వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లింది.

లాయరు మొహమాటపడలేదు. రిజిస్టరు చేయించడమంటే ఇంటికి తలుపు పెట్టించడమే, గడియ మీరే వేసుకోవాలి అన్నాడు. ఎవరు వాడుతున్నారో చూడకుండా ఇంకా ఇలాగే ఊరుకుంటే, ఒప్పుకునే ఊరుకున్నారని అవతలివాళ్లు వాదిస్తారని, చివరికి ఆ గుర్తుకి విలువే మిగలదని హెచ్చరించాడు. భర్త పెట్టిన గుర్తు తన చేతులారా పోయిందేమోనని ఆవిడ బెంగపెట్టుకుంది. పొడుగోడికి నోటీసు వెళ్లిన దగ్గర్నుంచి అన్నం సహించలేదు.

పొడుగోడు కోర్టు దాకా లాగలేదు. తలొంచుకుని వర్క్‌షాపుకే వచ్చాడు.

"నువ్వే కదక్కా ఇచ్చావు" అన్నాడు.

"ఇచ్చానురా. ఎక్కి చూశాకే కొట్టమని చెప్పలేదు, వచ్చి చూడనూ లేదు. ఆ తప్పు నాదే. మేకులు కొట్టిన తప్పు నీది కాదా?"

వాడు కాదనలేకపోయాడు. ముద్ర ఆవిడ చేతిలో పెట్టి, ఇక చీమ జోలికి రానని లాయరు ముందు సంతకం చేశాడు. ఆసుపత్రి ఖర్చు తనదేనన్నాడు. షాపుల్లో ఉన్న తన సరుకంతా వెనక్కి తెప్పిస్తానన్నాడు, తెప్పించాడు కూడా. సంతకం అయిన రాత్రి నిచ్చెనలావిడ కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది. అయితే అప్పటికే అమ్ముడుపోయినవి ఎక్కడెక్కడున్నాయో ఎవరికి తెలుసు? అందుకని అత్తాకోడళ్లిద్దరూ షాపు షాపూ తిరిగి, కనిపించిన ప్రతి చీమ నిచ్చెననీ తిప్పి చూడటం మొదలుపెట్టారు.

అలా తిరుగుతూ ఒక సాయంత్రం మోకాళ్ల నొప్పుల మందు కోసం ఎప్పుడూ వెళ్లే మందుల షాపులో అడుగుపెట్టారు. షాపావిడ నిచ్చెన పై మెట్టు మీద నిలబడి, పై అరలోంచి డబ్బా అందుకుంటోంది. పక్క కర్ర మీద చీమ ఉంది. ఇదివరకైతే నిచ్చెనలావిడ మురిసిపోతూ కాసేపు చూసేది. ఇప్పుడు ఒక్క ఉదుటున వెళ్లి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.

"మెల్లగా దిగు తల్లీ. ఏ డబ్బా వద్దు, ముందు దిగు."

షాపావిడ అయోమయంగా దిగింది. నిచ్చెనలావిడ వంగి, ఒక్కో మెట్టూ తడిమి చూసింది. అన్నిటికీ చీలలున్నాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నిచ్చెనని వాటేసుకుని నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఏమైందండీ? ఇది మీ నిచ్చెనే కదా, చీమ ఉందిగా" అంది షాపావిడ.

"నాదేనమ్మా. కానీ చీమని చూసి నాకే నమ్మకం కలగలేదు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. నిచ్చెనలావిడ కళ్లు తుడుచుకుని, మోకాళ్ల మందు సంగతే మరిచిపోయి, పక్క షాపులో నిచ్చెన చూడటానికి బయల్దేరింది.