కోయిలకుంట్లలో ఒక వన్స్‌మోర్

మద్రాసులో ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు పియానో వాయించడం నా ఉద్యోగం. భోంచేసేవాళ్లకు అది చెంచాల చప్పుళ్లలో ఇంకో చప్పుడు. మా జాజ్ బృందంతో రికార్డుల ఆల్బమ్ వేయడానికి కంపెనీ ఒప్పుకున్నప్పుడు, మా గాయని పాటలతోపాటు నేను రాసుకున్న సీసపద్యం కూడా ఉండాలని పట్టుబట్టాను. మద్రాసులో పాడి వినిపించినవాళ్లందరూ దాన్ని మరీ నున్నగా పాడారు. నెలాఖరుకు సరైన గొంతు దొరక్కపోతే పద్యం తీసేస్తామని కంపెనీ మేనేజరు తేల్చేశాడు. అందులో ఉన్నది నా అద్దెగది, నా ఒంటరితనం. అది పోతే ఆల్బమ్‌లో నాదంటూ ఏమీ మిగలదు. కోయిలకుంట్లలో మస్తాన్ అనే టైలరు నాటకాల్లో రాజు వేషం కడతాడని, ఆయన రాగం తీస్తే వినితీరాలని మా హోటల్ వంటాయన చెబితే బయల్దేరాను.

రాత్రి బొంబాయి మెయిలెక్కితే తెల్లవారేసరికి కడపలో దిగొచ్చు. స్టేషన్ బయట ఇడ్లీ తిని ప్రొద్దుటూరు బస్సెక్కాను. అక్కడ మారి జమ్మలమడుగు, మళ్లీ మారి కోయిలకుంట్ల. ఛార్జీలన్నీ కలిపినా మూడు రూపాయలు దాటలేదు. పెన్నలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. అది దాటితే అటూ ఇటూ కోత అయిపోయిన నల్లరేగడి చేలు, నాపరాళ్ల గోడలు.

“యాడికి పోతాండావప్పా?” అన్నాడు కండక్టరు.

“కోయిలకుంట్ల. టైలర్ మస్తాన్ గారి కోసం.”

“రాజు వేషం కడతాడే, ఆయప్పేనా? నీకు చుట్టమా?”

“కాదు. నాకు చుట్టాలెవరూ లేరు.”

ఆయన టికెట్ చింపి ఇచ్చి ముందుకు పోయాడు. మిగతా దారంతా నాతో ఎవరూ మాట్లాడలేదు.

మస్తాన్ గారి కొట్టు బజారు వీధిలోనే ఉంది. నెరిసిన గడ్డం, మెడలో టేపు. పద్యం రాసిన కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ చదువుకున్నారు. అటక మీంచి హార్మోనియం దింపి నా ముందు పెట్టి, శ్రుతి పట్టుకోమన్నారు. నా పద్యం ఎత్తుకున్నారు. చివరి మాట దగ్గర రాగం తీస్తుంటే నా వేళ్లు ఊరుకోలేక జాజ్ పోకడలు పోయాయి. ఆయన తొణకలేదు, వాటి మీదుగా ఇంకా పైకి వెళ్లారు. పాడటం అయిపోయింది. హోటల్ అలవాటు కొద్దీ నేను నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆయన నా ముఖమే చూస్తున్నారు.

“బాగలేదాప్పా?”

“చాలా బాగుంది.”

“మరి వన్స్‌మోర్ అనవేమి? ఈడ పద్యం బాగుంటే అట్లంటారు. అనకుంటే స్టేజీ దిగమని అర్థం.”

ఆ మాట నేను ఎవరినీ అన్నది లేదు, ఎవరిచేతా అనిపించుకున్నదీ లేదు. సిగ్గుపడుతూనే అన్నాను. ఈసారి రాగం ఇంకా పొడుగ్గా సాగింది. వీధిలో పోయేవాళ్లు ఆగి విన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మద్రాసు రమ్మంటే మాత్రం కాగితం తిరిగి నా చేతిలో పెట్టేశారు. “ఒకసారి పోయినాలే ఆ మైకు ముందరికి. పద్యం అయినాక అందరూ గోడల మాదిరి నిలబడినారు. రెండో పద్యానికి గొంతే రాలేదు. అడిగే మనిషి లేకుంటే ఎవురికోసం పాడేది?”

“నేను అడుగుతాను.”

“మర్చిపోవాకు మళ్ళా,” అని మెడలో టేపు తీసి మేకుకు తగిలించారు.

నేను మర్చిపోలేదు. రికార్డింగులో రాగం ఆగిందో లేదో, రికార్డు చెక్కే ముల్లు లేపకముందే వన్స్‌మోర్ అనేశాను. ఇంజనీరు తల పట్టుకున్నాడు. మళ్లీ తీద్దామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. మస్తాన్ గారు ఊరికి వెళ్లిపోయారు. నేను ఇప్పటికీ జనం వీపులు చూస్తూ పియానో వాయిస్తున్నాను. గదికొచ్చి ఆ రికార్డు పెట్టుకుంటాను. రాగం ఆగుతుంది. వన్స్‌మోర్ అని నా గొంతే అంటుంది. ఆ గదిలో ఆ మాట అనడానికి ఇంకెవరూ లేరు.

అటువైపు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అక్కడ ఎవరైనా పద్యం పాడితే, నచ్చితే, పైకి అనండి. పాడినవాళ్లు మీ ముఖం చూస్తూ ఉంటారు.