మంత్రిగారి తరఫున

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదవండి. మా పక్కింటి తాతగారు పోయిన మంగళవారం ఆసుపత్రిలో కన్నుమూశారు. ఊపిరి అందలేదట. ఈ లాక్‌డౌన్‌లో ఒకరింటికి ఒకరం వెళ్ళలేక, పరాయి దేశంలో ఈ ఆడమ్స్‌టౌన్‌లోని తెలుగు ఇళ్ళవాళ్ళం పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు రాసి ఒక ఇల్లు చదివాక ఇంకో ఇంటి తలుపు సందులోంచి వేసుకుంటున్నాం కదా. ఈసారి రాయాల్సింది నేనే. కానీ ఆయన ఎలాంటి మనిషని రాయాలో నాకు తెలియడం లేదు.

ఆయన పసిఫిక్ సముద్రంలోని ఒక దీవిలో మంత్రిగా చేశారు. దీవి పేరు రాయొద్దని వాళ్ళమ్మాయి అడిగింది. ఆమె ఇక్కడ నర్సు, మేము ఆంటీ అంటాం. తాతగారి నాయనమ్మ విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, చెరకు తోటల్లో కూలికి అక్కడికి వెళ్ళిందట. ఆమె నుంచి ఆయనకు మిగిలిన తెలుగు గుప్పెడే. అందులో రోజూ వాడేది ఒక్కటి: "బువ్వ తిన్నావా?" మిగతాదంతా వాళ్ళ దీవి హిందీ. నాకు నిజామాబాద్ హిందీ వచ్చు కనుక మాట కలిసింది. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

ఆయన్ని మొదట చూసింది చప్పట్ల రోజున. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసం వీధంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టాం. అందరివీ టపటపా మోగుతుంటే పక్క గుమ్మంలోంచి వేరే చప్పుడు వచ్చింది. ఒక ముసలాయన అరచేతులు గుంటలు చేసి, ఒకదాని మీద ఒకటి మెల్లగా వేస్తున్నారు. ఖాళీ కుండ మీద తట్టినట్టు బోలుగా మోగింది. వాళ్ళ దీవిలో మర్యాద చేయడమంటే అదేనని తర్వాత తెలిసింది.

ఆంటీ డ్యూటీకి వెళ్తే ఆయన ఒక్కరే ఉండేవారు. నేను పప్పూ అన్నం డబ్బాలో పెట్టేదాన్ని. మా ఆయన దాన్ని రెండిళ్ళ మధ్య పొట్టి గోడ మీద పెట్టి, "మా ఆమె పంపింది తాతా" అని వెనక్కి జరిగేవాడు. నేను గుమ్మంలోనే నిలబడేదాన్ని. తాతగారు మా ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగి బోలు చప్పట్లు కొట్టేవారు. కొన్నాళ్ళకు ఉండబట్టలేక మా ఆయన్ని అడిగేశారు.

"ఈమె ఏ ఊరి దొరసాని?"

"దొరసాని ఏంది తాతా! బీడీలు చుట్టేటోళ్ళ బిడ్డ."

"మరి మాట్లాడదే? మా దీవిలో పెద్ద మనిషి నలుగురిలో నోరు విప్పడు. పక్కన ఒకడుంటాడు. కానుక ఇచ్చినా, మన్నింపు అడిగినా వాడే చెప్పాలి. ఈమె వెనక నిలబడుతుంది, నువ్వు చెబుతావు. నేనేం అనుకోవాలి?"

"అంటే నేను జీతం లేని జీతగాణ్ణా?"

"ఇప్పుడే తెలిసిందా?" అన్నారు తాతగారు.

అప్పటినుంచి నేను ఆయనకు దొరసానిని. నోరు లేనిదానివని మా అత్త దెప్పేది. అదే గుణాన్ని ఒక మంత్రి గొప్పగా చెబితే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఎండ వస్తే ముందు గార్డెన్‌లో మడత కుర్చీ వేసుకుని, వాళ్ళమ్మాయి వండబోయే ఆలుగడ్డలకు తోలు తీసేవారు. ఎవరి గేటు ముందు నుంచి నడిచినా టోపీ తీసి చేతిలో పట్టుకునేవారు. ఇంత పెద్దాయన మెత్తటి కుర్చీ కొనుక్కోవచ్చు కదా అని మా ఆయన అంటే, "కుర్చీ వెచ్చగా ఉంటే లేవబుద్ధి కాదు బాబూ, నాకు అనుభవమే" అన్నారు.

ఆ అనుభవం గోడకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు కొంచెం కొంచెంగా చెప్పారు. నాన్న చెరకు కోసేవాడు. ఈయన బడిపంతులయ్యారు, తర్వాత చెరకు రైతుల సంఘంలో చేరారు, వాళ్ళే ఓట్లేసి గెలిపించారు, మంత్రి చేశారు. ఒకరోజు తుపాకులతో సైనికులు వచ్చి మంత్రులందరినీ ఒక గదిలో పెట్టి తాళం వేశారు. వదిలాక అదే సైనికులు మళ్ళీ మంత్రిగా కూర్చోమన్నారు. తోటివాళ్ళు కూర్చోలేదు. ఈయన కూర్చున్నారు.

"ఎందుకు తాతా?" అన్నాను.

"అక్కడ రైతుకు భూమి సొంతం కాదు, లీజు. ఆ ఏడాది మా వాళ్ళ లీజులు అయిపోతున్నాయి. పొడిగించే సంతకం మంత్రిది."

ఇది నాకు అర్థమైంది. ఇంటి లీజు అయిపోవస్తుందంటే మా ఆయనకు నిద్ర పట్టదు.

"అయితే మంచి పనే చేసినరు కదా?"

"నాతో గదిలో ఉన్నవాళ్ళు మళ్ళీ నా మొహం చూడలేదు. పొద్దున మంచిదే అనిపిస్తుంది, సాయంత్రానికి అనిపించదు. నువ్వు చెప్పు దొరసానీ."

"నాకేం తెలుస్తది తాతా."

చలికాలం మొదట్లో ఒకరోజు, ఆంటీ అడిగితే, ఆయన్ని పార్కు దాకా తీసుకెళ్ళాను. దారిలో గార్డుల కారు ఆగింది. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు కదా. యూనిఫాంలో ఒకడు దిగేసరికి తాతగారు బిగుసుకుపోయారు, రెండు చేతులూ పైకి లేపారు. టోపీ కింద పడింది. ఆ గార్డు కుర్రవాడు ఎక్కడుంటారనో ఏదో అడిగాడు. తాతగారి పెదాలు కదిలాయి, మాట రాలేదు. వెనక్కి చూశాను, మా ఆయన లేడు. ఎక్కడి నుంచి వచ్చిందో, "మై గ్రాండ్‌ఫాదర్. హోమ్ దేర్. హి కోల్డ్" అనేశాను.

"యూ ఆర్ గ్రాండ్" అని, అంటే ఏం పర్లేదని, ఆ అబ్బాయి టోపీ తీసిచ్చి వెళ్ళిపోయాడు.

తాతగారు చాలాసేపటికి తేరుకుని, "ఈరోజు నా నోరు నువ్వు. నేను పోయాక కూడా నా తరఫున నువ్వే చెప్పాలి" అన్నారు.

"ఏం చెప్పాలె?"

"అది చెప్పేవాడికే తెలుస్తుంది."

నవ్వులాట అనుకుని సరేనన్నాను.

అంత్యక్రియలకు పది మందికే అనుమతి. ఆంటీకి ఇక్కడ ఆ పది మంది కూడా లేరు, మమ్మల్ని రమ్మంది. పెట్టె పక్కన బల్ల మీద లాప్‌టాప్‌లో దీవివాళ్ళు చిన్న చిన్న గళ్ళలో గడికొకరు కనిపిస్తున్నారు. అక్కడ అప్పుడు రాత్రి. ఒకామె, "ఆయన సంతకమే లేకపోతే మా నాన్న రోడ్డున పడేవాడు" అని ఏడ్చింది. తర్వాత ఒక ముసలాయన, "ఆ గదిలో నేనూ ఉన్నాను. తాళం వేసిన వాళ్ళ పక్కనే వెళ్ళి కూర్చున్నాడు" అని మైకు ఆపేశాడు. అప్పుడు ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న తరఫున నువ్వు చెబుతావట. నాన్నే వాళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పారు. ఎదురు చూస్తున్నారు."

మా ఆయన వైపు చూస్తే, "నన్ను చూస్తవేందే? నేను నీ మనిషిని, నువ్వు ఆయన మనిషివి" అన్నాడు గుసగుసగా.

ఏం చెప్పను? మంచివాడనాలా? ఆ ముసలాయన అబద్ధమాడినట్టవుతుంది. మన్నించమనాలా? తప్పు చేశారో లేదో ఆయనకే తెలియదు. నేను తప్పు మాట అంటే ఆ గదిలోవాళ్ళకు, ఆయనకు మధ్య ఉన్న తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. ఆయన నా దగ్గర రోజూ అన్న మాట ఒక్కటే నాకు ఖాయంగా తెలుసు. లాప్‌టాప్ ముందుకు వెళ్ళి, తెలుగులోనే అన్నాను.

"తాత తరఫున అడుగుతున్న. అందరూ బువ్వ తిన్నరా?"

ఆంటీ దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. ఆ ముసలాయన మైకు మళ్ళీ తెరిచాడు. అరచేతులు గుంటలు చేసి మెల్లగా కొట్టాడు. ఒక్కో గడిలోంచి మిగతావాళ్ళూ కొట్టారు. గదంతా ఖాళీ కుండల చప్పుడు.

అది మన్నించినట్టా, సాగనంపినట్టా, ఉత్త మర్యాదా? ఆంటీని అడిగాను. తనకూ తెలియదంది. నేను చెప్పింది సరిపోయిందో లేదో చెప్పగలిగినవారు లేరు.

దీవిలో ఆ రెండు పక్షాలవాళ్ళూ ఇంకా ఉన్నారని ఆంటీకి భయం. అందుకని చివరి ఇంటివాళ్ళు దయచేసి ఈ కాగితాలను కాల్చేయండి. ఆయన తరఫున చెప్పాల్సింది ఆ రోజే చెప్పేశాను, ఇందులో మిగిలింది నా తికమకే. మడత కుర్చీ పక్క గార్డెన్‌లో ఇంకా తెరిచే ఉంది, మడవడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. రాత్రి కురిసిన వాన దాని గుడ్డలో నిలిచి, గుంట చేసిన అరచెయ్యిలా ఉంది.