సుగుణమ్మ గారి ఎండ

2025 జనవరిలో ఆత్రేయపురానికి దగ్గర్లో, కాలవ పక్కన ఉన్న ఒక ఊరికి సైట్ సర్వేకి వెళ్ళాను. సైట్ సర్వే అంటే పెద్ద విద్యేమీ కాదు. డాబా ఎక్కి, టేపు పట్టి కొలిచి, దిక్కులు చూసుకుని, ఏ చెట్టు నీడ ఎంతవరకు వస్తుందో అంచనా కట్టి, ఎన్ని సోలార్ ప్యానెళ్ళు పడతాయో ఇంటివాళ్ళకి చెప్పడం. కొవ్వూరులో మాది చిన్న వ్యాపారం. నేను, ఫిట్టర్ సూరిబాబు, ఇంకో ఇద్దరు పనివాళ్ళు. అంతకు ముందు చాలా ఏళ్ళు మోటార్లు రీవైండింగ్ చేశాను. సోలార్‌లోకి వచ్చాక తెలిసిందేమిటంటే, ప్యానెళ్ళు బిగించడం సులువు, జనానికి నిజం చెప్పడం కష్టం.

"ఎండ ఊరికే వచ్చేదే కదండీ, ఇంక ఖర్చేముంటుంది?" అంటారు ప్రతి ఒక్కరూ. ఎండ ఊరికే వస్తుంది గానీ దాన్ని పట్టే సరుకు ఊరికే రాదు. మూడు కిలోవాట్ల సిస్టమ్‌కి దాదాపు రెండు లక్షలవుతుంది. సబ్సిడీ డెబ్బై ఎనిమిది వేలు వస్తుంది, కాకపోతే పని పూర్తయ్యాక వస్తుంది. ముందు మొత్తం మనమే పెట్టుకోవాలి, లేదా బ్యాంకు లోను తీసుకోవాలి. పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు లైనులోకి వెళ్ళి మన లెక్కలో జమ అవుతుంది. దీన్ని నెట్ మీటరింగ్ అంటాం. బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోయినప్పుడు మన ప్యానెళ్ళు కూడా ఆగిపోతాయి. లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకూడదని ఆ ఏర్పాటు. ఈ మాట చెప్పగానే సగం మంది మొహాలు మాడిపోతాయి. నెలకి రెండు వేలు దాటి బిల్లు కట్టే ఇల్లయితే పెట్టిన డబ్బు నాలుగైదేళ్ళలో తిరిగొస్తుంది. ఏడెనిమిది వందల బిల్లు వచ్చే ఇంటికి నేనే వద్దంటాను. ఇలా వద్దని వద్దని వ్యాపారం ఏం చేస్తావని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది.

ఆ రోజు నన్ను పిలిచింది ఇమ్మానుయేలు గారు. రావులపాలెంలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. మంచి మనిషి, మాటకారి. నేను బండి దిగకముందే మొదలుపెట్టారు.

"మా ఆఫీసులో ఒకాయన పెట్టించాడండి. బిల్లు సున్నా వచ్చిందని రోజూ ఫోన్లో చూపిస్తన్నాడు. నాక్కూడా సున్నా రావాలండి, అంతే."

"ఇప్పుడు మీకెంత వస్తోందండి?"

"మామూలు నెలల్లో పదిహేను వందలండి. ఎండాకాలం మాత్రం చూడకూడదు. మా ఆవిడ మామిడి తాండ్ర చేస్తుంది. రసం తీసే మిషనూ, పెద్ద ఫ్రీజరూ. ఆ రెండు నెలలూ మీటరు గిర్రున తిరుగుద్ది."

డాబా ఎక్కాం. పడమట పక్కింటి వాళ్ళ కొబ్బరి చెట్లు. తూర్పున మెట్ల గది, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకు. మధ్యలో మాత్రం పూర్తిగా ఖాళీ. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నీడలు పొడుగ్గా పడతాయి. ఆ పొడుగు నీడ కూడా తగలని చోటునే మేం ఎంచుకుంటాం. షాడో ఫ్రీ ఏరియా అంటాం దాన్ని. అందుకే సర్వేకి చలికాలం మంచిదని మా వాళ్ళ నమ్మకం. "ఈ డాబా దేనికైనా వాడతారా అండి?" అని అడిగాను. "ఖాళీయేనండి, ఎవరెక్కుతారు దీన్ని?" అన్నారాయన. సుద్దముక్క తీసి నడిమధ్యన ఆరు ప్యానెళ్ళకి గీతలు గీశాను.

అప్పుడే ఆయన భార్య సుగుణమ్మ గారు కాఫీ పట్టుకుని పైకి వచ్చారు. గ్లాసు నా చేతికిచ్చి, గీతల వైపు చూశారు.

"ఇక్కడేనా అండి?"

"అవునండి. ఇక్కడే ఎండ బాగా పడుతుంది."

"అవునండి. ఇక్కడే బాగా పడుతుంది" అని ఖాళీ గ్లాసు తీసుకుని దిగిపోయారు. ఒప్పుకున్నారనే అనుకున్నాను.

అడ్వాన్సు తీసుకున్నాం. దరఖాస్తు పెట్టాం. అనుమతులు వచ్చేసరికి మార్చి వచ్చింది. ఇనుము కోయించి, స్టాండ్లు తయారుచేయించి, ఒక సోమవారం పొద్దున్నే వ్యానులో సామాను వేసుకుని వెళ్ళాం. సూరిబాబు ముందు పైకెక్కి, ఎక్కినంత వేగంగా దిగొచ్చాడు.

"పైన చాపలేసి ఉన్నాయండి."

"తీసేయరా, దానికి నన్నడగడం దేనికి?"

"ఒకటీ రెండూ కాదండి. పెళ్ళి భోజనాలకి వేసినట్టు ఉన్నాయండి. ఆవిడ కూడా అక్కడే కూచున్నారండి."

వెళ్ళి చూస్తే నిజమే. నేను సుద్ద గీసిన చోట మొత్తం ఈత చాపలు. వరసలు వరసలుగా పరిచి, గాలికి లేవకుండా మూలల్లో ఇటుక ముక్కలు పెట్టారు. చాపల మీద ఏమీ లేదు. సుగుణమ్మ గారు మెట్ల గది గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నాకు తిక్క రేగింది. అయిదు వందల కిలోమీటర్ల దూరం నుంచి తెప్పించిన సామాను కింద వ్యానులో ఉంది. రోజు కూలీ ఇచ్చి తెచ్చుకున్న మనుషులు కింద నిలబడి ఉన్నారు.

"ఏంటండి ఇది? ఆ రోజు ఇక్కడే అంటే సరేనన్నారు కదా?"

"ఎండ బాగా పడుతుందన్నారు, అవునన్నానండి. పెట్టమన్నానా?" అన్నారావిడ, గొంతు పెంచకుండా. "మీరు సుద్దతో గీశారు. నేను చాపలతో గీశానండి. మే నెలలో నా డాబా ఇలా ఉంటది. ఎక్కడ పెడతారో మీరే చూపించండి."

ఇమ్మానుయేలు గారు వెనకాలే వచ్చారు. "రెండు నెలల ముచ్చటకి ఇంత గొడవేంటి సుగుణా? కావాలంటే చాపలు ఆ పక్కకి జరుపుకో. సున్నా బిల్లు వస్తదంటే..."

"సున్నా బిల్లు కోసం నా సీజను సున్నా చేస్తారా?"

అప్పుడావిడ చెప్పారు. మామిడి రసంలో పంచదార కలిపి చాప మీద పలచగా పోస్తారు. ఆ పొర ఆ రోజుకారోజు ఆరాలి. ఆరితేనే మర్నాడు దాని మీద ఇంకో పొర. సాయంత్రానికి తడి మిగిలితే పులిసిపోతుంది, కింద ఆరిన పొరలు కూడా పాడవుతాయి. పడమటి పక్క మూడింటికల్లా కొబ్బరి చెట్ల నీడ వచ్చేస్తుంది, పైగా పూత రాలి రసంలో పడుతుంది, ఉడతల గొడవ వేరే. తూర్పున మెట్ల గది. నడి డాబా ఒక్కటే పనికొస్తుంది. వీధిలోని ముగ్గురు ఆడవాళ్ళు ఏటా ఆ రెండు నెలలూ ఆవిడ దగ్గరే పనిచేస్తారు. ఆ కూలితోనే వాళ్ళు జూన్‌లో పిల్లల బడి ఖర్చులు గట్టెక్కిస్తారు.

"ఈయన పొద్దున ఆఫీసుకెళ్ళి సాయంత్రం చాపలెత్తాక వస్తారండి. ఈయనకి డాబా ఎప్పుడూ ఖాళీయే" అన్నారు. "ఇంతకు ముందు మాది పెంకుటిల్లండి. తాండ్ర చర్చి ఆవరణలో ఆరబెట్టుకునేదాన్ని. ఆదివారం ఆరాధనంటే అన్నీ ఎత్తేయాలి. అందరూ మేడ కట్టుకోడానికి స్లాబు వేయించుకుంటారు. నేను ఎండ కోసం వేయించానండి. తాండ్ర డబ్బుతోనే."

ఆ మాటకి నా తిక్క దిగిపోయింది. ఎన్నో డాబాలు ఎక్కాను. ఎండ కోసం స్లాబు వేయించుకున్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

"ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేంటి?" అన్నారు ఇమ్మానుయేలు గారు నెమ్మదిగా.

"జనవరిలోనే చెప్పానండి. రెండు నెలలేగా అన్నారు."

మావాళ్ళని టీకి పంపించి, నేను చాపల మధ్య సందుల్లోంచి డాబా అంతా మళ్ళీ తిరిగాను. మెట్ల గది దగ్గర ఆగాను. దాని కప్పు మీద ఉన్నది నీళ్ళ ట్యాంకు ఒక్కటే. ట్యాంకుకి ఎండతో ఏం పని? దాన్ని దించి పడమట కొబ్బరి చెట్ల నీడలో దిమ్మ కట్టి పెడితే, మెట్ల గది కప్పు మొత్తం ఖాళీ అవుతుంది. ఎత్తులో ఉంటుంది కాబట్టి ఏ నీడా తగలదు. అంచులు కొంచెం బయటికి వచ్చినా అక్కడ నాలుగు ప్యానెళ్ళు పడతాయి. కాకపోతే నాలుగే.

లాభనష్టాలు ఇద్దరి ముందూ పెట్టాను. మూడు కిలోవాట్లు కాస్తా రెండవుతాయి. సబ్సిడీ అరవై వేలకి దిగుతుంది, దరఖాస్తు మార్చాలి. ట్యాంకు దింపడానికి ప్లంబరు ఖర్చు అదనం. ఎత్తులో గాలి ఎక్కువ, తుపాన్ల ప్రాంతం, కాబట్టి స్టాండు ఇంకా గట్టిగా చేయించాలి. కోయించిన ఇనుములో కొంత నాకు పనికిరాకుండా పోతుంది, అది నేను భరిస్తాను. రెండు కిలోవాట్లకి రోజుకి ఎనిమిది యూనిట్ల దాకా వస్తాయి. చలికాలం బిల్లు దాదాపు పోతుంది, ఎండాకాలం బిల్లు తగ్గుతుందే గానీ పోదు.

"అయితే సున్నా రాదన్నమాట" అన్నారు ఇమ్మానుయేలు గారు.

"మే నెలలో రాదండి. నడి డాబాలో ఆరు పెడితే దగ్గరికి రావచ్చు. కానీ ఆ మిగిలే డబ్బు, మేడమ్ గారి సీజను ఆగిపోతే పోయేదాని ముందు ఏ మూలకీ రాదు. ఇది నేను జనవరిలో వేయని లెక్క."

ఆవిడ ఇంకా అనుమానంగానే ఉన్నారు. "పైన పెట్టినా అవి చుట్టుపక్కల ఎండంతా లాగేసుకుంటాయంట కదండీ? మా వీధిలో అంటన్నారు. తాండ్ర ఆరదంట."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "గొడుగు పక్కింటి ఎండని లాగుతుందా అండి? ఇదీ అంతే. తన మీద పడ్డదే తీసుకుంటుంది. దాని నీడ మాత్రం మీకు లెక్కే. మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మధ్యాహ్నం నీడ కిందే పడుతుంది. పొద్దున్న మాత్రం మొదటి వరస చాపల మీదకి వస్తుంది. మీరు రసం ఎప్పుడు పోస్తారు?"

"తొమ్మిది దాటాకండి. రాత్రి చెమ్మ పోవాలి కదా."

"అప్పటికి నీడ వెనక్కి పోతుంది. పోకపోతే ప్యానెళ్ళు నేనే విప్పుకుపోతాను."

"మాటే కదండీ?"

"మాటేనండి."

ఆవిడ లేచి చాపలు చుట్టడం మొదలుపెట్టారు. ఇమ్మానుయేలు గారు ఒక నిమిషం నిలబడి చూసి, ప్యాంటు మడిచి రెండో వైపు నుంచి చుట్టడానికి కూర్చున్నారు. ఆయనకి చాప తిన్నగా చుట్టడం రాలేదు. ఆవిడ విప్పి మళ్ళీ చుట్టారు.

ఏప్రిల్‌లో పని పూర్తయింది. మే నెలలో, ఇచ్చిన మాట ఉంది కాబట్టి, ఒక పొద్దున్న నా అంతట నేనే వెళ్ళాను. లోపల భయంగానే ఉంది, నీడలు మనం గీసిన గీత మీదే పడాలని లేదు. తొమ్మిదికి ఇంకా కొంచెం ముందే నీడ మొదటి వరస దాటి మెట్ల గది గోడ వైపుకి జరిగిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళూ రసం బక్కెట్లతో పైకొచ్చారు. డాబా అంతా పసుపుపచ్చగా అయిపోయింది. సుగుణమ్మ గారు ఆ గోడ వైపు ఒకసారి చూసి, "ఉండనివ్వండి, విప్పక్కర్లేదు" అన్నారు. అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు ఈ వృత్తిలో ఎవరూ ఇవ్వలేదు.

ట్యాంకు నీడలోకి వెళ్ళడం వల్ల ఎండాకాలం కుళాయి నీళ్ళు చెయ్యి కాలకుండా వస్తున్నాయట. అది నేను లెక్క వేయని లాభం. మే నెల బిల్లు మాత్రం నేను చెప్పినట్టే సున్నా రాలేదు, సగానికి దిగింది. ఇమ్మానుయేలు గారు కొన్నాళ్ళు సణిగారు. డిసెంబరులో ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మీటరు అద్దె లాంటి చిల్లర తప్ప ఏమీ లేని బిల్లు ఫోటో తీసి ఆఫీసులో అందరికీ చూపించారట. మే నెల సంగతి అక్కడ చెప్పలేదట.

సోలార్ పనిలో ప్యానెల్ మీద ఏ నీడ పడుతుందో చూడటమే మాకు నేర్పారు. ప్యానెల్ నీడ ఎవరి పని మీద పడుతుందో చూడమని ఎవరూ నేర్పలేదు. మన వైపు ఎండ ఊరికే ఉండదు. అప్పడాలు, వడియాలు, మిరపకాయలు, ధాన్యం, ఏదో ఒకటి దాన్ని తింటూనే ఉంటుంది, కాకపోతే మేం వెళ్ళిన రోజున కనపడకపోవచ్చు. ఇంటి సోలార్ లాభనష్టాల్లో ఆ ఎండ ఖరీదు కూడా వేయాలి.

మొన్న కొవ్వూరులోనే ఒక సర్వేకి వెళ్ళాను. విశాలమైన డాబా, ఎక్కడా నీడ లేదు. "ఎండాకాలం దీన్ని దేనికైనా వాడతారా అండి?" అని అడిగాను. "అబ్బే, ఖాళీయేనండి" అన్నారు ఇంటాయన.

సుద్దముక్క జేబులోనే ఉంచుకుని, "మీ ఆవిడ గారిని ఒకసారి పైకి పిలవండి" అన్నాను.