కరెంటు పోయిన పది నిమిషాలు

ముక్తేశ్వరం దగ్గర కొబ్బరి పీచు మిల్లులో గంగబాబు మాటకి తిరుగులేదు. మిషను దగ్గర పనిచేసే ఆడవాళ్ళు గాజులు తీసి గూట్లో పెట్టాలి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, కొంగు లోపలికి దోపుకుని, బొత్తాలన్నీ పెట్టుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. ఎంత చెమట పట్టినా మెడలో తువ్వాలు ఉండకూడదు.

"పెళ్ళికూతురిక్కూడా ఇన్ని షరతులుండవండీ బాబూ" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. గంగబాబు నవ్వేవాడు కాదు.

మిషను చూడ్డానికి వింతగా ఏమీ ఉండదు. ఇనప పెట్టె, అందులో ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ము ఒళ్ళంతా మేకుల్లాంటి పళ్ళు. తడిపి నలగ్గొట్టిన కొబ్బరి డొక్కను మూతిలో వేస్తే ఆ పళ్ళు దాన్ని చీల్చి, పీచునొక పక్కకీ పొట్టునొక పక్కకీ విసిరేస్తాయి. తిరిగేటప్పుడు దాన్ని చూసి అందరూ భయపడతారు. అసలు భయపడాల్సింది అది ఆగేటప్పుడు. మోటారు కట్టేసినా డ్రమ్ము తన ఊపులో నాలుగైదు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది, పెద్దగా చప్పుడు కూడా చెయ్యదు. అందుకే గంగబాబు పుల్లీ మీద తెల్ల రంగుతో ఒక గీత గీశాడు. ఆ గీత కదలకుండా కనబడితేనే డ్రమ్ము ఆగినట్టు. అప్పుడు కూడా చెయ్యి పెట్టకూడదు. ముందు బోర్డులోంచి మూడు ఫీజులూ పీకి, శుభ్రం చేసే మనిషి చేతికి ఇవ్వాలి. ఆ మనిషి వాటిని చొక్కా జేబులో వేసుకుని పని ముగించి, బయటికొచ్చి తన చేత్తో తిరిగి ఇస్తేనే మిషను మళ్ళీ కదిలేది.

ఆ చుట్టుపక్కల ఏ మిల్లులోనూ ఇంత కట్టుదిట్టం లేదు. యజమాని నాగదుర్గాప్రసాద్ గారు పీచు బేళ్ళు కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు.

"మా గంగబాబు ఉండబట్టి నాకు కంటినిండా నిద్ర పడుతుందండి."

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా గంగబాబు తల వంచుకుని డొక్కల గుట్ట వైపు నడిచేవాడు. ఎంత అణకువో అనుకునేవాళ్ళు. ఫీజు జేబులో వేసుకునే ఆ పద్ధతి ఎవరి వేళ్ళు పోయాక పుట్టిందో మిల్లులో అందరికీ తెలుసు. ఎందుకు పోయాయో మాత్రం అతనొక్కడికే తెలుసు.

గంగబాబుది ముమ్మిడివరం అవతల, ఏరు సముద్రంలో కలిసే వైపు ఒక పల్లె. తండ్రి పడవ మీద బతికాడు. ఇతను పద్దెనిమిదేళ్ళు రొయ్యల చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉన్నాడు. చెరువులో నీళ్ళని చిలికే చక్రాలుంటాయి, ఏరేటర్లంటారు. అవి ఆగితే రొయ్యకి ఊపిరాడదు. కరెంటు పోయి వచ్చిన మరుక్షణం అవి తిరగాలి. కాపలా మనిషి గట్టంతా పరిగెత్తి బటను నొక్కేదాకా రొయ్య ఆగదు. అందుకని స్టార్టరు డబ్బాలో ఆటో స్టార్టరని అరచేతిలో పట్టే పెట్టె ఒకటి బిగిస్తారు. కరెంటు రాగానే మోటారుని అదే లేపుతుంది. గంగబాబు కళ్ళు మూసుకుని బిగించగలడు. గట్టు మీద ఏ పాకలో పెట్టె చెడినా అతనికే కబురొచ్చేది.

వైరస్ వచ్చి చెరువులు దెబ్బతిన్నాక అతను మిల్లులో ఆపరేటరుగా చేరాడు. ఆ అలవాటు కూడా వెంట వచ్చింది.

రెండేళ్ళ కిందట మంచి ఎండల్లో జరిగింది. కరెంటు రోజుకి నాలుగైదుసార్లు పోయేది. వచ్చినప్పుడల్లా గంగబాబు పీచు ఎండబెట్టే కళ్ళంలోంచి లోపలికొచ్చి పచ్చ బటను నొక్కాలి. మోకాళ్ళు సహకరించేవి కావు. చెరువు సామానులో ఆటో స్టార్టరొకటి మిగిలి ఉందని గుర్తొచ్చి, ఒక పొద్దున్న అందరికంటే ముందే వచ్చి బిగించేశాడు. దాచాలని కాదు. చెప్పుకునేంత పనిగా తోచలేదు, టీ వేళకి చెబుదాంలే అనుకున్నాడు.

పదకొండింటికి కరెంటు పోయింది.

డొక్కలు వేసే మనిషి వీరదుర్గ. చుట్టరికం ఏమీ లేకపోయినా చేరిన రోజే 'బాబాయ్' అని వరస కలిపేసింది. గొంతు పెద్దది, చెయ్యి చురుకు. ఫీజుల పద్ధతి అప్పటికి లేదు. గీత చూడాలి, పని చేసుకోవాలి, అంతే.

"బాబాయ్ గారూ, కరెంటు ఎలాగూ పోయింది కదా! పచ్చి డొక్కోటి మూతిలో ఇరుక్కుంది. ఈలోపు తీసెయ్యనా?"

"గీత ఆగిందా?"

"ఆగిందండి. చూసేను."

"ఆయ్, కానియ్యమ్మా. నేనో చుక్క టీ తాగొస్తాను."

రోడ్డవతల కొట్టు దగ్గర సగం గ్లాసు తాగాడో లేదో, మిల్లులో చప్పుడు లేచింది. 'పనిచేసిందే!' అనుకున్నాడు గంగబాబు. నిజంగా సంతోషపడ్డాడు. ఆ తర్వాతే కేక వినబడింది. ఎన్నింటిని తలుచుకుని కుమిలినా, మధ్యలో వచ్చిన ఆ ఒక్క క్షణం సంతోషం దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ అతనికి ఒళ్ళు జలదరిస్తుంది.

అమలాపురం ఆసుపత్రిలో వీరదుర్గ కుడిచేతి వేళ్ళు మూడు తీసేశారు.

కళ్ళంలో ఉన్నవాళ్ళకి తెలిసింది ఇంతే: మిషను ఆగింది, కాసేపటికి లేచింది, కేక వినబడింది. డొక్క ఇరుక్కుని మిషను రోజుకి పదిసార్లు ఆగేదే. అలాంటప్పుడు శుభ్రం చేసిన మనిషే పచ్చ బటను నొక్కి లేపేది. కాబట్టి నొక్కేసి, ఇంకా ముక్క కనబడితే తొందరపడి చెయ్యి పెట్టి ఉంటుంది. అలా తేల్చేశారు. కరెంటు పోయిందని వీరదుర్గ మంచం మీంచి చెబుతూనే ఉంది. కానీ రోజూ పోయే కరెంటు ఫలానా రోజు ఫలానా పది నిమిషాలు పోయిందని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాగదుర్గాప్రసాద్ గారు మాత్రం అడిగారు. "కరెంటు పోయిందంటుంది. పోయిందా గంగబాబూ?"

అప్పటికే ఆ పెట్టె స్టార్టరులో లేదు. వీరదుర్గని ఆటో ఎక్కించి అందరూ వెళ్ళాక, విప్పి లంచ్ సంచిలో వేసుకున్నాడు. ఇంట్లో అటక మీద పాత దుప్పట్ల మధ్య ఉంది.

"టీకెళ్ళేనండి. తెలీదండి" అన్నాడు.

టీకి వెళ్ళిన మాట నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే రెండేళ్ళు గడిపాడు.

నాలుగు నెలలకి వీరదుర్గ మళ్ళీ పనిలోకి వచ్చింది. ఎడంచేత్తో పీచు తిరగేసే పని ఇచ్చారు. గొంతు తగ్గింది. ఏది చేసినా రెండోసారి చూసుకునేది. ఇంటి దగ్గర బయల్దేరి వీధి చివరిదాకా వచ్చి, గ్యాసు కట్టేనా లేదా అని వెనక్కి వెళ్ళేది. రోజూ ఆలస్యమే.

"ఏమే, ఇవాళ ఎన్నిసార్లు ఎనక్కెళ్ళేవు?" అని కళ్ళంలో సాయిదుర్గ ఏడిపించేది.

"మూడుసార్లే. నాలుగోసారి మా అత్తగారు తలుపేసేసుకున్నారు."

"ఏమన్నారేటి బంగారమ్మగారు?"

"ఏవంటారు? కరెంటుందో లేదో తెలీందానివి, గ్యాసు కట్టేవో లేదో నీకెలా తెలుత్తాదే అన్నారు."

అందరితోపాటు వీరదుర్గా నవ్వేది. గంగబాబు పనేదో ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో కూడా అంతే. ఒకసారి అటక దులుపుతూ భార్య సావిత్రి ఆ పెట్టె కిందికి తీసింది.

"ఇదెందుకండీ, పాత ఇనప సామానువాడికి పడేసెయ్యనా?"

"ముట్టుకోకు!" అని అరిచాడు. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ మీద అలా అరవడం అదే మొదలు. ఆవిడ ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఆ రాత్రి అతను భోజనం చెయ్యలేదు.

పారెయ్యొచ్చు. పక్కనే కాలవ ఉంది. పారేస్తే వీరదుర్గ మాట నిజమని చెప్పే వస్తువు లోకంలో ఇంకొకటి మిగలదని తెలుసు. చూపించే ధైర్యమూ లేదు.

మొన్న కార్తీకంలో మిల్లులోకి కొత్తగా ఇద్దరు ఆడవాళ్ళు చేరారు. యజమానిగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గంగబాబు గాజులు, చొక్కా, గీత, ఫీజులు, అన్నీ వరసగా చెప్పాడు. వాళ్ళలో ఒకామె ఫీజులు చేతిలో పట్టుకుని, "ఇయ్యి లేకపోతే ఏవవుద్దండీ?" అంది.

"ఏమవుతుందో వీరదుర్గనడగండి" అన్నారు యజమానిగారు. "రామ్మా, నీ సంగతి చెప్పు. వాళ్ళకి గుర్తుంటుంది."

వీరదుర్గ పీచు దులుపుకుంటూ వచ్చింది. ఎప్పట్లాగే కరెంటు పోయిందని చెబుతుంది, వీళ్ళు ఎప్పట్లాగే నవ్వి ఊరుకుంటారు అనుకున్నాడు గంగబాబు.

"ఇరుక్కున్న డొక్క తీసేనమ్మా" అంది వీరదుర్గ. "తీసి, పచ్చ బటను నొక్కేను. ఇంకా కొంచెం పీచు కనబడితే తొందరపడి చెయ్యెట్టేసేను. తప్పు నాదే. కరెంటు పోయిందని చాన్నాళ్ళు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే బటను నొక్కినట్టే గుర్తొత్తంది. నొక్కినప్పుడు వేలికి చల్లగా తగిలింది కూడా."

యజమానిగారు తల ఊపారు. కొత్తవాళ్ళిద్దరూ అయ్యో అన్నారు.

వేళ్ళు పోయిన సంగతి గంగబాబు రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఈవిడకి జరగనిది జరిగినట్టు గుర్తుంటోంది. తను నోరు విప్పకపోవడం వల్ల ఆ మనిషి తన కళ్ళతో చూసినదాన్ని కూడా వదులుకుంది.

"నువ్వు నొక్కలేదమ్మా" అన్నాడు.

వీరదుర్గ అటు తిరిగింది. "ఏటి బాబాయ్ గారూ?"

"బటను నువ్వు నొక్కలేదు. కరెంటు పోయింది. నేను చూస్తుండగానే పోయింది. ఆ పొద్దున్నే నేను స్టార్టర్లో ఆటో స్టార్టరు బిగించేను. చెరువుల కాడ పెట్టేది. కరెంటు రాగానే మిషను దానంతటదే లేచింది. నీకు చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు. తరవాత విప్పేసి ఇంటికట్టుకెళ్ళి దాచేసేను."

కళ్ళంలో పీచు తిరగేసే కర్రలు ఆగిపోయాయి. యజమానిగారు కుర్చీలోంచి లేచారు. "రెండేళ్ళు! నా మొహం చూస్తూ..." అన్నారు. "తాళాలక్కడ పెట్టి నడు."

గంగబాబు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఆ పని తేలిగ్గానే అయిపోయింది. వీరదుర్గ వైపు చూడటమే కష్టమైంది.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. లెక్కలు అప్పజెప్పించుకునే పంతులమ్మలా ఒక్కొక్కటీ అడిగింది.

"కరెంటు పోయిందా?"

"పోయిందమ్మా."

"ఎంతసేపు?"

"పది నిమిషాలుంటాది."

"గీత ఆగిందా, నేను చెయ్యెట్టినప్పుడు?"

"ఆగింది. ఆగిందని నాతో చెప్పే పెట్టేవు."

"నేను చెయ్యెట్టింది మీరు కానియ్యమన్నాకేనా?"

"ఆయ్" అన్నాడు గంగబాబు.

సాయిదుర్గ దగ్గరికొచ్చి భుజం పట్టుకోబోతే వీరదుర్గ విడిపించుకుంది. "ఇక్కడ చెపితే సరిపోదండి" అంది. బాబాయ్ అనలేదు. "మా ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పండి. మా ఆయనకీ చెప్పండి. ఇప్పుడే."

గంగబాబు ఇంటికి వెళ్ళి అటక ఎక్కాడు. సావిత్రి కింద స్టూలు పట్టుకుని నిలబడింది. పెట్టె చేతిలో పట్టుకుని అతను వీరదుర్గ ఇంటికి చేరేసరికి, ఆమె భర్త అంజిబాబు కిరాయి మానుకుని ఆటో గుమ్మంలో ఆపి ఉన్నాడు. బంగారమ్మ మంచం మీద కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పాడు, మొదట్నించీ, టీ గ్లాసు దగ్గర పడ్డ సంతోషం కూడా దాచకుండా.

అంజిబాబు పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. "ఇంతుంది. దీనికోసవా మావయ్యగారూ, రెండేళ్ళపాటు వీరదుర్గని మా అందరిచేతా మాటలనిపించేరు?" అన్నాడు. కొడతాడేమో అనుకున్నాడు గంగబాబు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. అంజిబాబు పెట్టె అరుగు మీద పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు.

బంగారమ్మ కోడలి కుడిచెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు చెపుతానే ఉన్నావు కదే" అంది.

కాసేపటికి వీరదుర్గ చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడయింది. గుమ్మంలో నిలబడ్డ గంగబాబుకి ఆమె వీపు కనబడుతోంది. టీ పొంగింది. ఎడంచేత్తో పొయ్యి కట్టేసి, సిలిండరు మీది పిడి తిప్పేసి, పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని బయటికొచ్చింది. మూడే గ్లాసులు. ఒకటి అత్తగారికి, ఒకటి అంజిబాబుకి, ఒకటి తనకి.

గంగబాబు చూస్తూ నిలబడ్డాడు. ఆమె అరుగు మీద కూర్చుని టీ తాగింది, చివరి చుక్కదాకా, తొందరేమీ లేకుండా. ఒక్కసారి కూడా లోపలికి తిరిగి చూడలేదు.