కార్డు మీది పదిన్నర

మా బిడ్డ పెళ్ళి కార్డు వాట్సాప్‌లో పంపిన రోజు నుంచి అందరూ నన్ను ఒక్కటే అడిగారు. "కార్డుల పదిన్నర అని ఉన్నది. అసలు టైం ఎంత?"

అసలు టైమట! నకిరేకల్ చుట్టుపక్కల మా చర్చి పెళ్ళిళ్ళకు రెండు టైములుంటాయి. ఒకటి కార్డు మీద అచ్చు వేసేది, ఇంకొకటి జనం వచ్చేది. పదిన్నర అంటే పన్నెండు. పన్నెండుకు కూడా పెళ్ళికూతురు బ్యూటీ పార్లర్లోనే ఉంటుంది. పాస్టరు అయ్యగారు పాట మీద పాట పాడిస్తూ పొద్దు గడుపుతుంటారు. బడిలో నాతో పనిచేసే పంతులొకాయన నవ్వుతూ అన్నాడు, "మీకు ముహూర్తం లేదు గద సారూ, ఎప్పుడైతేంది?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. దేవుడిచ్చిన ప్రతి ఘడియా మంచిదేనని నమ్మి గదా మేము ముహూర్తాలు వదిలిపెట్టింది. అంతే తప్ప పిలిచిన వాళ్ళను గంటన్నర కూర్చోబెట్టడానికి కాదు. నా మటుకు నాకు, చెప్పిన వేళకు దేవుని ముందు నిలబడటమే భక్తి. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి, ఖాళీ చాపలను చూస్తూ పళ్ళు నూరినవాణ్ని. ఈ ఒక్క పెళ్ళైనా చెప్పిన టైముకు మొదలు కావాలని పట్టుబట్టాను. అయ్యగారిని ఒప్పించాను. నార్కట్‌పల్లి నుంచి రావలసిన మగపెళ్ళివాళ్ళకు పెళ్ళినాడు పొద్దున ఆరింటి నుంచే ఫోన్లు చేసి వాళ్ళ ప్రాణం తీశాను.

కొల్లాపూర్ నుంచి మా అక్క కూడా అదే అడిగింది. నా భార్య పోయినప్పుడు బిడ్డకు మూడేళ్ళు. పదో తరగతి దాకా పెంచింది అక్కే. ప్రమాణం చేసేటప్పుడు అత్తమ్మ, అంటే మా అక్క, పక్కన ఉండాలి. బిడ్డ నన్ను కోరిన కోరిక అదొక్కటే. బావ పక్షవాతంతో మంచాన పడ్డాడు కాబట్టి అక్క ముందురోజు వచ్చే వీలు లేకపోయింది.

"తమ్మీ, పదిన్నరంటే పన్నెండేనా? మీ బావకు తినిపిచ్చి రెండో బస్సుకు వస్త."

అప్పటికే యాభైమందికి జవాబు చెప్పి విసిగిపోయి ఉన్నాను. "కార్డుల రాసిందే అక్కా! ఎందరికని చెప్పాలె!" అని ఫోన్ పెట్టేశాను. ప్రతి పెళ్ళికీ అందరూ అట్లాగే అంటారు, అందుకే ఆమె నమ్మలేదు. ఒక్క నిమిషం నెమ్మదిగా చెప్పి ఉంటే నమ్మేదేమో.

పెళ్ళి రోజు పదిన్నరకు లోపల పట్టుమని నలభై మంది లేరు. చర్చి గుమ్మంలో బిడ్డ నా చెయ్యి పట్టుకొని ఆగింది.

"నాయినా, అత్తమ్మ నల్లగొండ దాటిందట. జర ఆగుదం."

"దేవుని ఇంట్ల ఒకరి కోసం ఆగుడుండదు," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే ముందు వరుసలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. బిడ్డ లోపలికి నడిచింది. పదకొండుకల్లా ప్రమాణాలు అయిపోయాయి. గడియారం చూసుకొని సంతోషపడ్డాను కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను.

పదకొండుంబావుకు అక్క వచ్చింది. బయట మెట్ల దగ్గర ఫోటోలు తీస్తున్నారు. అయిపోయిందా అని ఆమె ఎవరినీ అడగలేదు, చూడగానే తెలిసిపోయింది.

"నీ తప్పేం లేదు తమ్మీ. నువ్వు చెప్పనే చెప్పినవ్," అన్నది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆమె వెనకనే రెండు ఆటోల చుట్టాలు దిగి, అప్పుడే కానిచ్చేశావా అని నా మీద మండిపడ్డారు. ముప్పావుగంట ఆలస్యంగా వచ్చి నన్నే నిలదీస్తారా అని నేనూ అరిచాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

మేమట్లా అరుచుకుంటుండగా అక్క పోయి మెట్ల మీద కూర్చున్నది. "ఏమని ప్రమాణం చేసినవ్ బిడ్డా? నాకొక్కసారి చెప్పు," అని అడిగింది. బిడ్డ ఫోటోలు ఆపించింది. అల్లుణ్ని పక్కకు పిలుచుకొని, ఆమె ముందు నిలబడి మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. లోపల ఒక్క మాటా తడబడని పిల్ల, ఇక్కడ ఏడుపొచ్చి రెండుసార్లు ఆగింది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. రమ్మని నన్నెవరూ పిలవలేదు.