నిలబడి విన్న పాఠం

పిల్లలూ, పోయిన ఏడాది సాయంత్రాలు మామ్మ ఫోను ఎప్పుడూ బిజీయేనని అలిగారు గదా. అది మద్దిలపాలెంలో మన పక్కింటి కోడలి చేతిలో ఉండేది. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోనూ మొగుడి జేబులో స్టీల్ ప్లాంటు డ్యూటీకి పోయేది. ఆ పిల్ల ఆన్‌లైన్‌లో డిగ్రీ ఫిజిక్సు చదివేది. నా ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, మా వంటింట్లో నిలబడే పాఠం వినేది.

“కూకోవే” అంటే, “వద్దు మామ్మా, అత్త పిలిస్తే లెగాలి గదా” అనేది. చూస్తుంటే నాకే కాళ్ళు పీకేవి.

వైవా రోజు మాత్రం కెమెరా ముందు కూర్చోక తప్పలేదు. మధ్యలో లేస్తే పరీక్ష పోయినట్టేనట. ఫోనులో పరీక్ష పెట్టే మేడమ్ రెండో ప్రశ్న మొదలుపెట్టగానే గోడ అవతల నుంచి అత్త కేకేసింది.

“ఏటే, పొయ్యి మీద సేపలు మాడిపోతన్నాయి! ఏటి సేత్తన్నావక్కడ?”

ఆ పిల్ల కుర్చీ అంచుకి జరిగింది. నేనే వెళ్ళి దించుదామని లేచేసరికి, అత్త మాడిన మూకుడు పట్టుకుని మా వంటింట్లోకే వచ్చేసింది.

“వెనకాల ఎవరమ్మా?” అంది మేడమ్.

“మా అత్తగారు మేడమ్,” అంది ఆ పిల్ల, తల తిప్పకుండా. “మీరు ప్రశ్న అడగండి.”