సుమిత్రక్క ఎర్రపెన్ను

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఇక్కడ ఇంటి ప్లాన్ గీయించుకోవాలంటే చాలామంది బస్టాండు వెనక సందులో ఉన్న సుమిత్రక్క దుకాణానికే వెళ్తారు. పగలంతా అక్కడ ఇల్లు కట్టుకునేవాళ్ల గోలే. దేవుడిగది ఇటు జరపమనే మామ, వంటగది అటు జరపమనే కోడలు, మధ్యలో కంప్యూటర్ ముందు అక్క. సాయంత్రమైతే మాత్రం ఆ కుర్చీలు మావి. మేమంటే ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివే పిల్లలం. మా చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్లలో చంద్రమౌళి సార్ పంపిన హోంవర్క్ సొల్యూషన్లు.

చంద్రమౌళి సార్ మంచివారే. హోంవర్క్ ఇచ్చి, వారం తిరక్కుండా జవాబులు తన చేత్తోనే రాసి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. మా తిప్పలన్నీ ఆ జవాబులతోనే. మొదటి లైను అర్థమవుతుంది. చివరి లైనులో జవాబు కనిపిస్తుంది. నడుమ ఏం జరిగిందో సార్‌కే తెలియాలి. సార్‌నే అడగొచ్చు కదా అంటారేమో. ఆయన గది తలుపు చూస్తేనే అడగాల్సింది మర్చిపోయే రకం మేం. గ్రూపులో మాత్రం అందరం దండం బొమ్మ పెట్టి, థాంక్యూ సార్ అని రాసేవాళ్లం.

నాది చిట్యాల. మా బాపు గట్టయ్య పత్తి పండిస్తాడు. బిడ్డ దీక్షిత ఇంజినీర్ అవుతుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాడు. అలాంటి నేను సార్ సబ్జెక్టులోనే ఫెయిలయ్యాను. చదవక కాదు. సొల్యూషన్లన్నీ బట్టీ పట్టి, కామాలతో సహా పరీక్షలో దించేశాను. ప్రశ్నలో బీమ్ పొడవు మారింది, నా జవాబులో మారలేదు. సప్లిమెంటరీలో కూడా పోతే పై క్లాసుకు పంపరు. అదే జరిగితే చదువు మానేసి ఇంటికి వెళ్లిపోవాలని మనసులో అనేసుకున్నాను. బాపుకు ఆ మాట ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు.

నా అవస్థ చూసి నన్ను అక్క దగ్గరికి తీసుకెళ్లింది మా క్లాసు అమర్‌సింగ్. వాడిది గంగారం.

"నేను లెక్క చెయ్య," అని అక్క ముందే చెప్పేసింది. "నువ్వు చెప్పాలె, నేను వింట. మీ సార్ రాసింది లైను లైను సదువు. పై లైను నుంచి కింది లైను ఎట్లొచ్చిందో నాకు చెప్పు."

చదివాను. కొంతదూరం బాగానే నడిచి ఒకచోట ఆగిపోయాను. ప్రింటు తీసిన కాగితం మీద సరిగ్గా అక్కడ అక్క ఎర్రపెన్నుతో చుట్టింది.

"గిదో, గీడ గండి పడ్డది. నీకు లెక్కలే రావని ఎవరన్నరు? చెరువుకట్ట అంత మంచిగనే ఉన్నది. గీ ఒక్క తాన పూడ్చుకో, చాలు."

నాకు సబ్జెక్టు మొత్తం రాదనుకుని ఏడ్చినదాన్ని. రానిది ఒక్క లైనేనని తెలిసేసరికి కడుపు నిండినట్టయింది. ఆ తర్వాత రోజూ వెళ్లాను. అక్క విసుక్కునేది, టీ తాగించేది, మళ్లీ చదవమనేది. నేను తెలివిగా గండి మీది నుంచి దూకి పోబోతే, "ఆగు, ఏడికి ఉర్కుతున్నవ్?" అని కాగితం లాక్కునేది.

అక్కది దేవరుప్పుల. పెళ్లయి మానుకోట వచ్చింది. డిప్లొమా చేసి బీటెక్‌లో చేరింది కానీ పూర్తి చేయలేదు. ఎందుకాపేశావని ఒకసారి అడిగాను. "తెలువంది అడగనీకి ఎవరు లేకుండె," అని, మళ్లీ ఎవరి ఇంటి మెట్ల కొలతల్లోనో పడిపోయింది.

సప్లిమెంటరీ దగ్గర పడింది. సార్ మా కోసం గ్రూపులో ఇంకో లెక్కా, దాని సొల్యూషనూ పెట్టారు. ప్రశ్నలో బీమ్ సొంత బరువు ఇచ్చారు. సొల్యూషన్ రెండో లైనుకు వచ్చేసరికి ఆ బరువు మాయం. ముగ్గురం తలలు పట్టుకున్నాం.

"సార్‌కు ఎర్కనే ఉంటది. మనకే సమజైతలేదు," అన్నాడు అమర్‌సింగ్.

అక్క ఎర్రగా చుట్టింది. చాలాసేపు చూసి పెన్ను మూత పెట్టేసింది. "నాకు గూడ తెలుస్తలేదు. పాండ్రి, రేపు సార్‌నే అడుగుదాం."

అమర్‌సింగ్‌కు ఉన్నట్టుండి గంగారం బస్సు గుర్తొచ్చింది. మర్నాడు కూడా వాడు కనిపించలేదు. నేనూ అక్కా కాలేజీకి వెళ్లాం. సార్ గది ముందు అక్క ఆగిపోయింది. కొంగు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది.

"గిసొంటి తలుపు దాక వచ్చి ఎన్నిసార్లు ఎనుకకు పోయిన్నో దీక్షితా," అంది మెల్లగా. "నువ్వు నా తీర్గ ఎనుకకు పోకు. లోపలికి పో. నేను గీడనే ఉంట."

వెళ్లాను. కాగితం ముందుకు చాపాను. "సార్, బీమ్ సొంత బరువు ప్రశ్నల ఉంది, రెండో లైన్ల లేదు. ఎటు పోయిందో తెలుస్తలేదు సార్."

సార్ కాగితం అందుకున్నారు. పైనుంచి కిందికి చదివారు, మళ్లీ పైకి వెళ్లారు. ముఖం గంభీరమైంది. నా చదువు ఈ గదిలోనే అయిపోయింది అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎటు పోలేదమ్మా. నేనే మర్చిపోయిన. నిరుడు గీ ప్రశ్నల సొంత బరువు లేకుండె. ఇప్పుడు ప్రశ్న మార్చిన, జవాబు పాతదే పెట్టిన." నవ్వారు. "నువ్వు పరీక్షల చేసింది గూడ గదే కదా. నిన్ను ఫెయిల్ చేసిన. మరి నన్నెవరు ఫెయిల్ చెయ్యాలె?"

నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

"గ్రూపుల అంతమంది థాంక్యూ పెడితే అందరికి అర్థమైతున్నదే అనుకున్న. ఇన్నేండ్లల్ల ఒక్కరు వచ్చి అడగలే. నువ్వు అడిగినవ్, సంతోషం," అన్నారు. తర్వాత, ఈ ఎర్రగా చుట్టింది ఎవరని అడిగారు. తలుపు అవతల నిలబడ్డ అక్కను లోపలికి పిలిచి కుర్చీ చూపించారు.

"ఏడ సదివినవమ్మా?"

"మధ్యలనే ఆపిన సార్. సార్లను అడగనీకి భయపడి."

"అది నీ తప్పు కాదు," అన్నారు సార్. "గిట్ల తలుపు ఏసుకొని కూసున్న మాసొంటోళ్లది. ఇగ నీకు ఏది తెలువకున్నా నాకు ఫోన్ చెయ్యి." ఆ పూట మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని లెక్క మొత్తం మళ్లీ చేశారు. అక్క నాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది.

సప్లిమెంటరీ పాసయ్యాను. ఫోన్‌లో చెప్తే బాపు, "నాకు ఎర్కనే బిడ్డా," అన్నాడు. ఆయనకేం ఎరుకో నాకిప్పటికీ తెలియదు. సార్ గది తలుపు ఇప్పుడు తీసే ఉంటోంది. అక్క దుకాణంలో అప్పుడప్పుడు ఫోన్ స్పీకర్‌లో సార్ గొంతు వినిపిస్తుంది. దేవుడిగది మామ, వంటగది కోడలు నోళ్లు మూసుకుని వింటారు.

నేనిప్పుడు మూడో ఏడు. హాస్టల్‌లో జూనియర్లు ఫోన్లు పట్టుకుని నా గదికి వస్తారు. నాకూ ఒక ఎర్రపెన్ను ఉంది. నిన్న ఒక అమ్మాయి తెచ్చిన లెక్కలో గండి దొరికింది కానీ పూడ్చడం నాకూ రాలేదు. సిగ్గనిపించలేదు. "నాకు గూడ తెలుస్తలేదు. పా, సార్‌ను అడుగుదాం," అన్నాను.

ఆ తలుపు ముందు ఆ పిల్ల ఆగిపోయింది. భుజం మీద చెయ్యి వేస్తుంటే అక్క గుర్తొచ్చి నా కళ్లు తడిశాయి. తనను ఎవరూ దాటించని గడపను అక్క నన్ను దాటించింది. నేను ఆ పిల్లతో కలిసి లోపలికి వెళ్లాను.